ఇంటి ప్లానులు చెప్పే కూలి కబురు

సంక్రాంతికి ఇంటికి వచ్చిన మన జిల్లా కూలీలు కనుమ దాటగానే మళ్లీ మూటలు సర్దుకుంటారు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లలో ఆ రద్దీని చూడనివారుండరు. విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు, చెన్నై నగరాలలో లేచే మేడల వెనుక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తాపీ పనివారు, సెంట్రింగు పనివారు, ఇనుప చువ్వలు కట్టేవారు, తట్టలు మోసే ఆడవారు ఎందరో వున్నారు. వారు పంపే డబ్బుతోనే ఇక్కడ కిరాణా కొట్ల బాకీలు తీరుతున్నవి, పిల్లల ఫీజులు కట్టబడుతున్నవి.

అయితే అక్కడ పని వున్నదో లేదో వీరికి చెప్పేదెవరు? మేస్త్రీ చెబుతాడు. మేస్త్రీకి కంట్రాక్టరు చెబుతాడు. కంట్రాక్టరు తనకు ఎంతవరకు అవసరమో అంతవరకే చెబుతాడు. అడ్వాన్సు చేతిలో పడగానే భార్యాపిల్లలతో సహా బయలుదేరి వెళ్లి, తీరా అక్కడ వారానికి మూడు రోజుల పని కూడా దొరకక, తెల్లవారుజామున అడ్డాలో నిలబడి, ఎండ ఎక్కాక ఉత్త చేతులతో గుడిసెకు తిరిగివచ్చినవారు మన పల్లెల్లో కొల్లలు. అడ్వాన్సు మాత్రం అప్పుగా మిగిలిపోతుంది. రైతు విత్తనం వేసే ముందు వాన కబురు కోసం ఆకాశం వైపు చూస్తాడు. ఈ కూలీలు చూడడానికి ఆకాశం కూడా లేదు.

పని కబురును ముందుగానే చెప్పగలిగిన లెక్క ఒకటి ప్రతి మునిసిపల్ ఆఫీసులోనూ వున్నది. ఇంటి ప్లానులకు ఇచ్చిన అనుమతుల లెక్క అది. ఒకప్పుడు లావుపాటి రిజిస్టరులో వుండేది, ఇప్పుడు కంప్యూటరులో వున్నది. ఈ నెలలో ఎన్ని ప్లానులకు అనుమతి ఇచ్చారు, కిందటి ఏడాది ఇదే నెలలో ఎన్నింటికి ఇచ్చారు అని చూస్తే, రాబోయే రోజులలో ఎన్ని పునాదులు తవ్వబడతాయో చాలావరకు ఊహించవచ్చు. ఎవరూ సరదాకు ప్లాను గీయించరు. ఇంజనీరుకు డబ్బిచ్చి, ఫీజు చెల్లించి, అనుమతి కాగితం తెచ్చుకున్నవాడు ఇల్లు కట్టాలనే సంకల్పంతోనే ఆ పని చేస్తాడు. బ్యాంకు అప్పు కావాలన్నా ఆ కాగితమే ముందు చూపాలి.

ఇక్కడ పనుల వరుసను ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. అనుమతి వచ్చాక మొదట పిలిచేది మట్టి పనివారిని. తరువాత ఇనుము, సెంట్రింగు, కాంక్రీటు. ఆపైన గోడలు కట్టే తాపీవారు. శ్లాబు పడి, చెక్కలు తీసి, ప్లాస్టరింగు అయ్యాక కరెంటు, నీటి గొట్టాలవారు, టైల్సువారు. చిట్టచివర రంగులవారు. మామూలు ఇంటికి ఈ వరుస పూర్తికావడానికి ఏడాది పట్టవచ్చు. పెద్ద అపార్టుమెంటుకు రెండు మూడేళ్లు పడుతుంది. కనుక ప్లానులు తగ్గిన నెలలో నగరంలో పని తగ్గినట్లు ఎవరికీ కనిపించదు. నిరుడు మొదలైన మేడలు ఇంకా లేస్తూనే వుంటాయి, రంగులవారికి క్షణం తీరిక వుండదు. దెబ్బ ముందు తగిలేది తవ్వకం కూలికి. నాలుగైదు నెలలకు తాపీవాడికి తగులుతుంది. రంగులవాడికి తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది. ‘ఊరంతా పని వున్నది, రండి’ అని మేస్త్రీ చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. అతను కంటితో చూసేది నిరుటి ప్లానుల ఫలితాన్ని. వచ్చే ఏడాది పని ఈనాటి ప్లానులలో వున్నది.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో కొత్త ఇళ్ల అనుమతుల లెక్కను అక్కడి జనాభా లెక్కల శాఖ ప్రతి నెలా ప్రకటిస్తుంది. అనుమతులిచ్చే స్థానిక కార్యాలయాలు ఆ దేశంలో సుమారు 20 వేలు వున్నవి. దేశ ఆర్థిక పరిస్థితి ఎటు పోనున్నదో ముందుగా సూచించే పది అంశాలలో ఈ లెక్కను కూడా ఒకటిగా అక్కడి కాన్ఫరెన్స్ బోర్డు అనే సంస్థ చేర్చుకున్నది. మార్కెట్లవారు, బ్యాంకులవారు ఆ రోజు కోసం కాచుకుని వుంటారు.

ఆ లెక్క ఒకసారి ఎంత ముందుగా హెచ్చరించిందో చూడండి. 2005 సంవత్సరంలో అక్కడ సుమారు 21 లక్షల 55 వేల ఇళ్లకు అనుమతులిచ్చారు. 2006లో అవి 18 లక్షల 40 వేలకు దిగినవి. 2007లో 14 లక్షలు. 2008లో 9 లక్షలు. 2009లో 5 లక్షల 83 వేలు. అమెరికా ఆర్థిక మాంద్యం 2007 డిసెంబరులో మొదలైనదని అక్కడి ఆర్థికవేత్తలు తరువాత నిర్ధారించారు. లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది 2008 సెప్టెంబరులో. లోకం ఉలిక్కిపడింది అప్పుడే. కాని ఇళ్ల ప్లానుల లెక్క అంతకు రెండేళ్ల ముందే జారడం మొదలుపెట్టింది. ఆ దెబ్బ హైదరాబాదు వరకు వచ్చింది. సాఫ్ట్‌వేరు కంపెనీలలో కొత్త ఉద్యోగాలు మందగించినవి, ఆ ఉద్యోగులను నమ్ముకుని లేపిన ఫ్లాట్ల అమ్మకాలు తగ్గినవి. అక్కడెక్కడో ప్లాను తగ్గితే ఇక్కడ మన తాపీవాడి చేతిలో పని పోవడం వింతగా తోచవచ్చుగాని, జరిగింది మాత్రం అదే.

అయితే ఈ లెక్కను వేదవాక్యంగా తీసుకోరాదు. 2001లో అమెరికాకు మాంద్యం వచ్చినప్పుడు ఇళ్ల అనుమతులు పెద్దగా తగ్గనేలేదు. 2022లో వడ్డీలు పెంచినప్పుడు అనుమతులు గణనీయంగా పడిపోయినా, అందరూ భయపడిన మాంద్యం రాలేదు. 2020 జనవరి, ఫిబ్రవరి నెలలలో ప్లానులు తీసుకున్నవారిలో ఒక్కరికీ మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు మూసుకుంటుందని తెలియదు. అనుమతుల లెక్క మనుషుల సంకల్పాన్ని చెబుతుంది. మహమ్మారి సంగతి దానికి తెలియదు.

నెలసరి లెక్కను చదవడంలోనే అసలు మెలకువ వున్నది. ఒక చిన్న మునిసిపాలిటీలో ఒక నెల 10 ప్లానులు, మరుసటి నెల 15 ప్లానులు మంజూరైనవనుకుందాం. యాభై శాతం పెరిగిందని డప్పు కొట్టవచ్చు. పెరిగింది అయిదే అయిదు ఇళ్లు. ఆ పై నెల 9కి దిగితే కొంప మునిగిందని గోల చేయవచ్చు. ఒక్క నెల లెక్క పట్టుకుని సంబరపడేవారు, శోకాలు పెట్టేవారు ఇద్దరూ తొందరపడుతున్నట్లే. కనీసం మూడు నెలల లెక్క కలిపి, కిందటి ఏడాది అవే మూడు నెలలతో పోల్చి చూడాలి. అమెరికా లెక్కలో మరొక చిక్కు వున్నది. ఒక నెలకు 14 లక్షలని పేపర్లో పడితే, ఆ నెలలో అన్ని ఇళ్లకు అనుమతులిచ్చారని అర్థం కాదు. అదే వేగం ఏడాది పొడవునా సాగితే అన్ని అవుతాయని మాత్రమే. ఇది తెలియక కొందరు ఆ అంకెను పన్నెండుతో మళ్లీ గుణించి కూర్చుంటారు.

పైగా అమెరికావారికి చలికాలపు మంచు ఎటువంటిదో మనకు పంచాంగం అటువంటిది. మంచు పడే నెలలలో అక్కడ పునాదులు తవ్వడం తగ్గుతుంది కాబట్టి, ఆ తగ్గుదలను లెక్క నుంచి తీసివేసి ప్రకటిస్తారు. మన వద్ద ఆషాఢంలో, పుష్యంలో, మూఢంలో ఎవరూ శంకుస్థాపన చేయరు. వైశాఖం, శ్రావణం, కార్తికం, మాఘం, ఫాల్గుణం రాగానే ఒక్కసారిగా ప్లానుల కోసం పరుగులు తీస్తారు. ఇది ఆర్థిక పరిస్థితి మారడం వల్ల కాదు, పురోహితుడు ముహూర్తం పెట్టడం వల్ల. అధిక మాసం వస్తే చిక్కు మరీ ఎక్కువ. 2022లో శ్రావణం జూలై చివర మొదలై ఆగస్టు చివరి వరకు సాగింది. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చింది, నిజ శ్రావణం ఆగస్టు 17న గాని ప్రవేశించలేదు. ఈ రెండేళ్ల ఆగస్టు లెక్కలను పక్కపక్కన పెట్టి ‘నిర్మాణ రంగం దిగజారింది’ అని వ్రాసినవాడు ఢిల్లీలో గొప్ప నిపుణుడు కావచ్చుగాని, మన ఊరి పురోహితుని ముందు నిలవలేడు. 2026లో వచ్చేది అధిక జ్యేష్ఠం. మే, జూన్ నెలల లెక్కలను పోల్చేవారు ఆ సంగతి మరువరాదు.

లెక్క పెరిగినంత మాత్రాన సిరి పెరిగిందని కూడా అనుకోరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని చిందరవందర చేసింది. కొబ్బరి పోయింది, జీడిమామిడి పోయింది, ఇళ్ల పైకప్పులు లేచిపోయినవి. అటువంటి విపత్తు తరువాత రేకులు, ఇటుకలు, సిమెంటు అమ్మకాలు పెరగడం సహజం. అది పోయినదాన్ని తిరిగి నిలబెట్టుకోవడమేగాని కొత్తగా సంపాదించింది కాదు. ఇరవై ఏళ్లు పెంచిన కొబ్బరి చెట్టు పోయినవాడు కొత్త రేకులు కొన్నాడని అతనిని సంపన్నుల జాబితాలో వేయలేము గదా!

ప్రభుత్వ పథకాల సంగతి వేరు. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో దాదాపు 30 లక్షల ఇళ్ల స్థలాల పట్టాల పంపిణీకి శ్రీకారం చుట్టారు. ఇటువంటి పథకం వచ్చినప్పుడు ఇళ్ల మంజూరు కాగితాలు ఒక్క నెలలో గుట్టలుగా పడతాయి. మంజూరైన ఇల్లు, పునాది పడిన ఇల్లు, శ్లాబు పడిన ఇల్లు, దీపం వెలిగిన ఇల్లు - ఇవి నాలుగూ వేరువేరు. ఏ ప్రభుత్వమైనా మొదటి అంకెనే గట్టిగా చెబుతుంది. నాలుగవ అంకె అడిగి తెలుసుకోవలసి వస్తుంది. అందుచేత సొంత డబ్బుతో కట్టుకునేవారి ప్లానులను, పథకం కింద మంజూరైనవాటిని విడివిడిగా చూపకపోతే ఆ లెక్క కూలివాడిని దారి తప్పిస్తుంది.

గడువుల వల్ల వచ్చే పెరుగుదల మరొకటి. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో భూముల విలువలు సవరిస్తారని తెలియగానే, జనవరి ఆఖరు రోజులలో రిజిస్ట్రేషను ఆఫీసుల ముందు జనం బారులు తీరారు. ప్లాను ఫీజులు పెరుగుతాయన్నా ఇదే జరుగుతుంది. ముందు నెల ఎగిసిపడుతుంది, వెనుక నెల బోసిపోతుంది. రెండింటినీ కలిపి చూసినవాడికే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక అనుమతి వుండి కూడా పని లేకపోవడం ఎట్లా వుంటుందో 2019లో మన రాష్ట్రం చవిచూసింది. కొత్త ప్రభుత్వం పాత ఇసుక విధానాన్ని పక్కనపెట్టి, కొత్త విధానాన్ని సెప్టెంబరు 5న అమలులోకి తెచ్చింది. ఆ నడిమి కాలంలో ఇసుక దొరకలేదు. ఆ తరువాత నదులకు వరదలు వచ్చినవి, అప్పుడూ దొరకలేదు. ప్లాను వున్నది, డబ్బు వున్నది, మేస్త్రీ సిద్ధంగా వున్నాడు, ఇసుక లేదు. వంశధార, నాగావళి పారే జిల్లాలో ఇసుక కోసం మొహం వాచిపోవడం కన్నా విడ్డూరం వేరే వుండదు. భవన నిర్మాణ కార్మికులు నెలల తరబడి పస్తులున్నారు, కొందరు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలు వచ్చినవి. ఆ నవంబరులో రాజకీయ పక్షాలు విశాఖపట్నంలో, విజయవాడలో ఆందోళనలు జరిపినవి. ప్లానుల లెక్క ఒక్కటే చూసుకున్నవాడు ఆ ఏడాది నిండా మునిగి వుండేవాడు. కనుక ప్లానుల లెక్క పక్కనే ఇసుక రేవుల సంగతి, సిమెంటు ధర కూడా చూడక తప్పదు. సిమెంటు ఉత్పత్తి ఎంత పెరిగిందీ, తగ్గిందీ కేంద్ర ప్రభుత్వం ప్రతి నెలా ప్రకటిస్తూనే వున్నది. అది దేశం మొత్తానికి ఒకే అంకె. విశాఖలో సంగతి దాని వల్ల తెలియదు.

మన పల్లెల విషయంలో ఈ లెక్క ఇంకా బలహీనం. పంచాయతీ అనుమతి తీసుకుని ఇల్లు కట్టేవారెందరు? పాత ఇల్లు పడగొట్టి అదే పునాది మీద కొత్త ఇల్లు లేపుతారు, కార్యదర్శి దారిన పోతూ చూస్తాడు, అంతటితో సరి. అనుమతి కోసం వచ్చేది ఎక్కువగా బ్యాంకు అప్పు కావలసినవాడే. అందువల్ల పంచాయతీలో ప్లానులు పెరిగితే ఇళ్లు పెరిగినవనడం కన్నా, బ్యాంకులు అప్పులివ్వడం పెంచినవనడమే సబబుగా వుంటుంది. పల్లెలో పని సంగతి తెలియాలంటే ఇటుక బట్టీ దగ్గరకు, ఇసుక ట్రాక్టరు దగ్గరకు, సెంట్రింగు చెక్కలు అద్దెకిచ్చేవాని దగ్గరకు వెళ్లడం మేలు. చెక్కలు షెడ్డులో పేర్చి వున్నవంటే ఊరిలో శ్లాబులు పడటం లేదన్నమాటే. అదేవిధంగా మూలపేట ఓడరేవు వంటి పెద్ద పనులు ఇళ్ల ప్లానుల లెక్కలో కనిపించవు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన ఆ ఓడరేవు పనికి ఎందరు కావాలో ఏ మునిసిపాలిటీ పుస్తకమూ చెప్పదు.

మరొక్క మాట చెప్పకుండా వుండలేము. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కట్టుబడిలో వున్న పదకొండు అంతస్తుల మేడ కూలి 61 మంది మరణించారు. వారిలో పలువురు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు. ఆ మేడకూ అనుమతి కాగితం వున్నది. కాగితం పనిని సూచిస్తుందిగాని, ఆ పనిలోకి దిగే మనిషి ప్రాణానికి పూచీ ఇవ్వదు. అనుమతులు ఎన్ని పెరిగినవో లెక్కపెట్టే అధికారులే, ఎన్ని కట్టడాలను మధ్యలో వెళ్లి తనిఖీ చేశారో కూడా ఆ లెక్క పక్కనే వేయవలసి వుంటుంది.

మన దేశంలో గృహనిర్మాణపు లెక్కలు సేకరించడానికి జాతీయ భవన నిర్మాణ సంస్థ 1954లోనే ఏర్పడింది. కాని ఊళ్లవారీగా, నెలనెలా, సామాన్యుడు చదువుకోగలిగిన తీరులో ఈ లెక్క పత్రికలకు అందడం లేదు. మునుపు అడిగితే ‘రిజిస్టర్లు తిరగవేయాలి, సిబ్బంది లేరు’ అనేవారు. పట్టణాలలో ప్లానుల దరఖాస్తులన్నీ ఇప్పుడు కంప్యూటరు ద్వారానే సాగుతున్నవి. దరఖాస్తు ఏ రోజున వచ్చిందీ, ఏ రోజున మంజూరైందీ మీట నొక్కితే తెలుస్తుంది. కాబట్టి ఆ సాకు ఇక చెల్లదు.

జిల్లా అధికారులను కోరేది పెద్ద పని కాదు. శ్రీకాకుళం, ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం పట్టణాలలో నెలనెలా మంజూరైన ప్లానులు ఎన్ని, వాటిలో సొంత ఇళ్లు ఎన్ని, అపార్టుమెంట్లు ఎన్ని, నిరుడు ఇదే నెలలో ఎన్ని, నిజంగా పని మొదలైనవి ఎన్ని - ఈ అయిదు అంకెలను ఒక కాగితం మీద వేసి మునిసిపల్ ఆఫీసు గోడకు అంటించాలి. విశాఖపట్నం నగరపాలక సంస్థ నుంచి అవే అంకెలు తెప్పించి మండల కార్యాలయాలలోను, గ్రామ సచివాలయాలలోను పెట్టించాలి. మన జిల్లావారు ఎక్కువగా పోయే హైదరాబాదు, విజయవాడ లెక్కలు కూడా రప్పించగలిగితే మరీ మంచిది. కార్మిక శాఖవారు ఊళ్లకు వచ్చినప్పుడు కార్డుల సంగతితో పాటు ఈ కాగితాన్ని కూడా చదివి వినిపించవచ్చు. అడ్వాన్సు ఇవ్వవచ్చిన మేస్త్రీని ‘ఎన్నో అంతస్తులో వున్నది పని, ఇంకా ఎన్ని నెలలు సాగుతుంది, ఆ తరువాత ఎక్కడ?’ అని అడగడానికి కూలీలకు అప్పుడొక ఆధారం దొరుకుతుంది. ఆ కాగితం ప్రతి ఒకటి మాకు కూడా పంపితే, ప్రతి నెలా ఈ పుటలో ధాన్యం ధరల పక్కన దానికి చోటు కేటాయిస్తాము.